పలాసలో జీడిపిక్కల ధర రోజూ చెబుతానంటే అందరూ "బాగుంది" అన్నారు, ఎవరూ వాడలేదు. నేను అడగడంలో తప్పెక్కడ?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఐదేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. నాన్నగారి ఆరోగ్యం బాగోక పోయినేడాది ఇంటికొచ్చేశాను. ఇక్కడే ఏదైనా మొదలుపెట్టాలని పట్టుదల. మా గజపతి జిల్లా కొండల్లో జీడితోటలు ఎన్ని ఉన్నాయో ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మా పిక్కల్లో చాలావరకు చివరికి పలాసకే చేరతాయి. కానీ కొండమీద రైతు చేతికొచ్చే ధర వేరు, పలాస ఫ్యాక్టరీ గుమ్మంలో ధర వేరు. ఆ రోజు పలాస ధర ఎంతో తెలిస్తే రైతు నష్టపోడు కదా అనుకున్నాను. రోజూ పొద్దున్నే ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ రావాలి. తెలుగులో, ఒడియాలో, కొండల్లోని గిరిజనులు మాట్లాడే సవరలో. అదీ నా ఆలోచన.

పని మొదలుపెట్టే ముందు వాడేవాళ్లతో మాట్లాడాలి కాబట్టి నవంబర్, డిసెంబర్‌లో పద్నాలుగు మందిని కలిశాను. అడిగినవి ఇవీ: "పలాస ధర రోజూ ఫోన్లో తెలిస్తే మీకు ఉపయోగమేనా?" "నెలకి ముప్పై రూపాయలైతే ఇస్తారా?" "ఏ భాషలో కావాలి?" పద్నాలుగు మందీ ఉపయోగమే అన్నారు. పదకొండు మంది డబ్బులు ఇస్తామన్నారు. ఆ ధైర్యంతో రెండు నెలలు రాత్రింబవళ్లు కూర్చుని తయారుచేశాను.

మార్చిలో పిక్క రాలడం మొదలైంది. మెసేజ్‌లు పంపాను. ఆ పదకొండు మందిలో వారం రోజులు విన్నది ఇద్దరే. డబ్బు ఒక్కరూ ఇవ్వలేదు. ఫోన్ చేస్తే "బాగుంది బాబూ, చాలా బాగుంది" అంటున్నారు. అబద్ధం చెప్పే మనుషులు కారు. మరి ఏం జరిగిందో నాకు నిజంగా అర్థం కావడం లేదు.

పట్టుదారం (బరంపురం)

తమ్ముడూ, నీ పోస్టు చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నేనే కనిపించాను.

ఇంటికొచ్చిన కుర్రాడు ఎండలో పడి వచ్చి, ఆశగా ముఖంలోకి చూస్తూ "ఉపయోగమేనా?" అని అడిగితే కాదని ఎవరంటారు? మంచినీళ్లిచ్చినట్టే "బాగుంది" కూడా ఇస్తారు. అది మర్యాద. నీ ఆలోచన మీద తీర్పు అనుకున్నావు, అక్కడే దెబ్బ తిన్నావు.

మా ఊళ్లో పట్టుచీరలు నేసేది ఎక్కువగా తెలుగు మాట్లాడే దేవాంగులే. బరంపురం పట్టుకి 2012లో జీఐ (ఆ ఊరి ప్రత్యేక సరుకు అనే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అంచు డిజైన్లు కంప్యూటర్లో వేసి ఇస్తే నేతగాళ్లు కొనుక్కుంటారని నేను అనుకున్నాను. ఇరవై ఇళ్లు తిరిగాను. ప్రతి ఇంట్లోనూ మగ్గం మీదున్న మగాళ్లనే అడిగాను. అందరూ "కావాలమ్మా" అన్నారు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఎందుకో తెలుసా? ఏ డిజైన్ నేయాలో వాళ్లు నిర్ణయించుకోరు. నూలు, జరీ ఇచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవర్ నిర్ణయిస్తాడు. ఇది వాళ్లు దాచిపెట్టిన సంగతి కాదు. నేనే అడగలేదు. "చివరిసారి డిజైన్ మార్చింది ఎప్పుడు? ఎవరు చెబితే మార్చారు?" అని ఒక్క ప్రశ్న వేసుంటే మొదటి ఇంట్లోనే తెలిసిపోయేది.

నువ్వు అడిగినవన్నీ రాబోయే వాటి గురించి. జరిగిపోయిన వాటి గురించి ఒక్కటీ లేదు. రేపటి గురించి మనుషులు మంచి మనసుతో చెబుతారు, నిన్నటి గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

రాయగడ రవ్వ (రాయగడ)

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా అనుభవం కూడా రాస్తాను.

నేను ఇడ్లీ, దోసె పిండి రుబ్బి హాస్టళ్లకీ, టిఫిన్ సెంటర్లకీ వేద్దామనుకున్నాను. మొదటి వారం "వేస్తే తీసుకుంటారా?" అని అడిగాను. ఇరవై మందిలో ఇరవై మందీ తీసుకుంటామన్నారు. మా మేనమామ ఒక మాటన్నాడు: "నోటితో చెప్పేదానికి ఖర్చేముంది, చేతిలోంచి ఏదైనా తీయమను చూద్దాం." రెండో వారం స్టీలు క్యానుతో వెళ్లి, ఎల్లుండి పొద్దున ఐదింటికి పిండి తెస్తాను, రెండు వందలు అడ్వాన్స్ ఇవ్వండి అన్నాను. ముగ్గురే ఇచ్చారు. మిగతా పదిహేడు మంది ఎందుకివ్వలేదో చెప్పిన కారణాలే నాకు అసలైన సమాచారం. సగం మంది ఇళ్లలో అత్తగారో, వంటమనిషో రుబ్బుతున్నారు, వాళ్లని మానిపించలేరు. ఒకాయన అయితే "పిండి పులిస్తే ఎవరిది బాధ్యత?" అన్నాడు. ఆ ప్రశ్నతోనే నా వ్యాపారం మారింది. పులిసిన పిండి వెనక్కి తీసుకుంటానని చెప్పాకే ఆర్డర్లు వచ్చాయి.

ముప్పై రూపాయలు ఇస్తారా అని అడగడం కాదు, ఆ రోజే ముప్పై రూపాయలు అడగాల్సింది.

కాశీనగరం జీడితోట

నేను రైతు కొడుకుని. సూటిగా చెబుతాను, ఏమనుకోకండి.

పలాస ధర మా నాన్నకి మీ మెసేజ్ కంటే ముందే తెలుస్తుంది. మా పిన్ని వాళ్లది కాశీబుగ్గ, పొద్దున్నే ఒక ఫోన్ కొడితే చాలు. ఈ పల్లపు ఊళ్లలో అందరికీ అటువైపు చుట్టరికాలున్నాయి. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రావైపు పాతపట్నమే కదా. కాబట్టి ముందు ఒకటి తేల్చుకోండి. మీ పద్నాలుగు మందిలో పల్లం వాళ్లెంతమంది, కొండవాళ్లెంతమంది? అందరినీ "రైతు" అని ఒకే గాటన కడితే ఎవరి కష్టమూ తెలియదు.

పలాస పిక్క (కాశీబుగ్గ)

నేను పద్దెనిమిదేళ్లుగా జీడి ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. ధర గురించి ఒక మాట.

"పలాస ధర" అని ఒకటి ఉండదు బాబూ. బేరం 80 కిలోల బస్తా మీద జరుగుతుంది. పలాస చుట్టుపక్కల మా ఉద్దానం రైతులు బస్తాకి 16 వేలు ఇవ్వాలని ఆందోళన చేసింది ఆ లెక్క మీదే. కానీ ఏ బస్తా? బస్తా రాగానే పిడికెడు పిక్కలు తీసి గలగలలాడిస్తాం. ఆ చప్పుడులోనే ఆరిందో లేదో తెలిసిపోతుంది. తేమ ఎనిమిది శాతం దగ్గరికి వస్తే బాగా ఆరినట్టు. పెద్ద సరుకైతే కిలో పిక్కలు కోసి చూస్తాం. మంచి పప్పు ఎంత, మచ్చ పప్పు ఎంత, పుచ్చు ఎంత అని తూచి, బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు వస్తుందో లెక్క కడతాం. 48 పౌన్లు వచ్చిందనుకో, అంటే దాదాపు 21.8 కిలోలు. అది రెండు పౌన్లు తగ్గినా ధర తగ్గుతుంది. ఆఫ్రికా పిక్క వచ్చి పడితే ఇంకా తగ్గుతుంది.

నువ్వు పంపే ధర బాగా ఆరిన మంచి పిక్కకి. కొండమీది రైతు దగ్గరున్నది నిన్న ఏరిన పచ్చి పిక్క. నీ మెసేజ్ పట్టుకుని షావుకారు దగ్గరికి వెళ్తే "అది ఎండిన సరుకు ధర" అంటాడు. అందులో అబద్ధం లేదు. రైతు ఇక రెండోసారి అడగడు.

మహేంద్రతనయ

అందరికీ చేతులెత్తి దండం. రాత్రంతా ఆలోచించాను.

కాశీనగరం అన్నగారూ, లెక్క చూశాను. పద్నాలుగులో ఐదుగురు పల్లం వాళ్లు, తొమ్మిది మంది గుమ్మ బ్లాకు కొండల్లో సవరలు. వారం విన్న ఆ ఇద్దరూ పల్లం వాళ్లే. మీరు అడిగేదాకా విడదీసి చూడాలని తోచనే లేదు.

గుణుపురం మాస్టారు

బాబూ, ఒక్క ప్రశ్న. నీకు సవర వచ్చా? రాకపోతే ఆ తొమ్మిది మందితో ఎవరు మాట్లాడారు?

మహేంద్రతనయ

రాదండీ మాస్టారూ. ఆ ఊళ్లన్నీ బాగా తెలిసిన ఒకాయన బైక్ మీద తీసుకెళ్లారు. సవర, ఒడియా, తెలుగు మూడూ వచ్చు. ఆయనే అడిగి నాకు చెప్పారు. సంతల్లో పిక్కలు కొని షావుకారుకి చేరవేస్తుంటారు. అందుకే ఊళ్లన్నీ తెలుసు.

ఇది టైప్ చేస్తున్నప్పుడే నాకు అర్థమైంది. మీరేం చెప్పబోతున్నారో తెలిసింది.

గుణుపురం మాస్టారు

తెలిసింది కాబట్టి నిన్ను నొప్పించను. కానీ మిగతావాళ్ల కోసం వివరంగా రాస్తాను.

సరుకు కొనే మనిషిని పక్కన పెట్టుకుని "నీకు సరైన ధర వస్తోందా?" అని అడిగితే ఏం చెబుతారు? ఆ మనిషి దగ్గర వాళ్లు అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. గుమ్మ బ్లాకు, గజపతిలోని రాయగడ బ్లాకు, ఆర్.ఉదయగిరి తాలూకా రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ఉన్న గిరిజన ప్రాంతం. అక్కడ లైసెన్సు లేకుండా వడ్డీకి డబ్బులివ్వకూడదని 1967 నాటి రెగ్యులేషన్ ఉంది. అందుకే ఇచ్చేవాడు అప్పు అనడు, తీసుకున్నవాళ్లూ అప్పు అనరు. "వాడుక" అంటారు. "మా షావుకారు" అంటారు. "మీకు అప్పులున్నాయా?" అని అడిగితే లేవనే చెబుతారు.

ఇంకో సంగతి. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలోనూ, మన గజపతిలోనూ జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. జీడి మొక్క నాటితే మూడు నాలుగేళ్లకి గానీ కాపు మొదలవదు, నిండు కాపుకి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. ఆ మధ్య కాలం ఇల్లు ఎలా గడిచింది? ఈ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకో. మిగతాదంతా వాళ్లే చెబుతారు.

మీ ఊరి మనిషినే తలచుకో. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి బడిలో మాస్టారుగా చేరారు. కొండమీంచి వచ్చే సవరల మాట ఆయనకి తెలియదు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. తర్వాత సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. నువ్వు అంత చేయాలని నేననను. కానీ ఏ బేరంలోనూ భాగం లేని మనిషిని దుబాసీగా పెట్టుకో. అది మాత్రం తప్పదు. ఆడవాళ్లతో మాట్లాడాలంటే ఆడపిల్లనే తీసుకెళ్లు. పిక్కలు ఏరేదీ, సంతకి మోసేదీ ఎక్కువగా వాళ్లే.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఇక్కడ జీడి లేదు, మిర్చి, పత్తి. గోదావరి వంతెన దాటి మిర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కి తీసుకెళ్తాం. ధర మాకు ప్రతి గంటకీ వాట్సాప్‌లో వస్తుంది. అయినా విత్తనం నాడు డబ్బిచ్చిన అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దగ్గరే బస్తా దింపుతాం. పక్క షాపులో రెండు వందలు ఎక్కువున్నా సరే. మాస్టారు చెప్పింది మా దగ్గర కూడా అంతే.

రాయగడ రవ్వ

మాస్టారి మాటకి నాది ఒక చేర్పు. మాట్లాడినప్పుడు ఫోన్లో రికార్డ్ చేస్తే మంచిది. రాసుకుంటూ ఉంటే సగం పోతుంది.

పట్టుదారం

ఆ విషయంలో నేను ఒప్పుకోను తమ్ముడూ. అప్పు సంగతులు మాట్లాడే చోట రికార్డింగ్ పెడితే నోరు కట్టేసినట్టే. అడిగి, వాళ్లు సరేనన్నా పెట్టొద్దు. అది కూడా "బాగుంది" లాంటి సరేనే. ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడండి, ఒకరు వినండి. ఊరు దాటగానే ఏ చెట్టు కిందో కూర్చుని వాళ్లన్న మాటలు వాళ్లన్నట్టే రాసుకోండి. "రైతుకి నగదు కొరత" అని మన భాషలో రాసుకుంటే తర్వాత పనికిరాదు.

కాశీనగరం జీడితోట

వాళ్ల టైముకి డబ్బు ఇవ్వాలా వద్దా? సీజన్లో ఒక పూట పోతే కూలి పోయినట్టే.

గుణుపురం మాస్టారు

డబ్బిస్తే నీకు నచ్చేదే చెబుతారు. పిక్క ఏరుతుంటే నువ్వూ వంగి ఏరు. పని ఆగదు, మాటా ఆగదు.

మహేంద్రతనయ

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఇంతవరకు మళ్లీ తొమ్మిది ఇళ్లకి వెళ్లాను, అన్నీ కొండమీద. మా వీధిలో ఉంటూ డిగ్రీ చదువుతున్న సవర అమ్మాయి తోడొచ్చింది. వాళ్లది వేరే వైపు ఊరు, ఆ షావుకార్లతో సంబంధం లేదు. మెసేజ్‌ల సంగతి ఎత్తలేదు. ఫోన్ సంచిలోంచి తీయలేదు. అడిగింది ఒక్కటే: "ఈ సీజన్లో చివరిసారి పిక్కలు అమ్మిన రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పమ్మా."

ఒక్క ఇంటి సంగతి పూర్తిగా రాస్తాను.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మేం వెళ్లేసరికి తోటలో ఉంది. మాస్టారు చెప్పినట్టు మేమూ ఏరాం. రాలిన పండు తీసి, పిక్కని మెలితిప్పి లాగి, బుట్టలో వేయాలి. గంటకి నా వేళ్లు జిగురుతో అతుక్కుపోయాయి. ఆవిడ నా బుట్ట చూసి నవ్వి, లేత పిక్కలు నాలుగు తీసి పారేసింది.

చివరిసారి అమ్మింది పోయిన సంత రోజున. మనవరాలికి రెండు రోజులుగా జ్వరం, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఉన్నది సగం గోనె. ఇంకా రెండెండలు పడాలి. అయినా నెత్తిన పెట్టుకుని దిగింది. సంతలోకి వెళ్లే దారి మొదట్లోనే చింతచెట్టు కింద షావుకారు మనిషి కాటా వేలాడదీసుకుని కూర్చుంటాడు. తూచి, పచ్చిది అని తరుగు తీసి, పాత బాకీలో కొంత పట్టుకుని, మిగతాది చేతిలో పెట్టాడు.

"ఆ రోజు ధర ఎంతో తెలుసా?" అని అడగాలనిపించింది. అడగకముందే ఆవిడే చెప్పింది, కిలోకి ఎంతో. సరిగ్గా నేను ఆ రోజు మెసేజ్‌లో పంపిన అంకె. సంతకొచ్చిన బస్సు కండక్టరు నోటి నుంచి విందట. ధర ఆవిడకి ముందునుంచీ తెలుసు. తెలిసీ చేసేదేమీ లేదు.

మాస్టారు చెప్పిన ప్రశ్న అడిగాను. తిత్లీ తర్వాత ఇల్లు ఎలా గడిచిందమ్మా? ఆవిడ మాట్లాడలేదు. చాలాసేపు ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే అంతసేపు ఊరుకోవడం నాకు చాలా కష్టమైంది, ఏదో ఒకటి మాట్లాడేయాలనిపించింది. తర్వాత లేచి మమ్మల్ని ఇంటిలోపలికి తీసుకెళ్లింది.

ఎర్రమట్టితో అలికిన గోడ. నున్నగా, శుభ్రంగా ఉంది. తలుపు పక్కన మాత్రం జానెడు వెడల్పు, మూరెడు ఎత్తు పాత మట్టి అలాగే వదిలేసి ఉంది. దాని నిండా బొగ్గుతో గీసిన నిలువు గీతలు. ముందు ఏదో ముగ్గనుకున్నాను. దగ్గరికెళ్తే తెలిసింది, లెక్క. ఒక్కో గీత ఒక్కో డబ్బా పిక్కలు. బాకీ కింద ఇప్పటిదాకా ఇచ్చినవన్నీ. ప్రతి పండక్కీ ఇల్లంతా అలుకుతుంది, ఆ జానెడు గోడని మాత్రం అలకదు.

మనవరాలి చేత లెక్కపెట్టించింది. అప్పుడు అడిగాను, షావుకారు పుస్తకంలో ఎన్నున్నాయని. "ఆయన పుస్తకం ఆయన చదువుతాడు" అంది.

నేను రెండు నెలలు కూర్చుని కట్టినదాని అవసరం ఆ ఇంట్లో లేదు. ఆవిడకి అవసరమైనదాన్ని ఆవిడే కట్టుకుంది.

పట్టుదారం

తమ్ముడూ, కళ్లలో నీళ్లొచ్చాయి.

ఒక మాట గుర్తుపెట్టుకో. "కావాలి" అని చెప్పిన దానికంటే, ఎవరూ చెప్పకుండా వాళ్లంతట వాళ్లే కష్టపడి చేసుకున్నది ఏదుందో అది చూడాలి. నువ్వు అడిగి ఉంటే గోడ సంగతి ఎప్పటికీ చెప్పేది కాదు. ఆవిడకి అది సమస్యకి పరిష్కారం అన్న ఆలోచనే ఉండదు, ఇంటి పని. మిగతా ఎనిమిది ఇళ్లలో ఏముంది?

మహేంద్రతనయ

నాలుగిళ్లలో ఏదో ఒకటి ఉంది అక్కా. ఒకచోట కుండలో గులకరాళ్లు, ఒకచోట తాడుకి ముళ్లు. ఒకాయన కొడుకు స్కూలు నోటుబుక్కు చివరి పేజీలో రాయిస్తున్నాడు. ఇంకో ఇంట్లో గుర్తుపెట్టుకుంటామన్నారు, భార్యాభర్తలు నా ముందే వేరువేరు అంకెలు చెప్పారు. మిగతా నాలుగిళ్లలో ఏమీ లేదు. ఏడో ఇంటికొచ్చేసరికి మాటలన్నీ విన్నట్టే అనిపించాయి. పచ్చి తరుగు, పాత బాకీ, ఆసుపత్రి ఖర్చు. అయినా తొమ్మిది పూర్తి చేశాను.

ఒక ఆలోచన వచ్చింది. డబుల్ చీటీ పుస్తకం. అమ్మినప్పుడల్లా ఒక చీటీ రైతుకి, ఒకటి షావుకారుకి. అంకెలకి బదులు డబ్బా బొమ్మలు. రేపు ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్దామనుకుంటున్నాను.

కాశీనగరం జీడితోట

మళ్లీ మొదలెట్టారా! నిన్నటిదాకా మెసేజ్, ఇవాళ పుస్తకం. ఆవిడ చీటీ చాపితే కాటా దగ్గరున్నవాడు రాస్తాడా? రాయకపోగా "నువ్వు ఎక్కడైనా అమ్ముకో" అంటే ఆ రోజు మనవరాలిని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? అన్నా, మీ మంచి మనసు మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను. ఇక్కడ తప్పు జరిగితే నష్టపోయేది మీరు కాదు.

గుణుపురం మాస్టారు

కాశీనగరం అబ్బాయి మాట వినాలి. ప్రెస్‌కి వెళ్లొద్దు బాబూ. నువ్వు ఇంతవరకు ఒక పక్కనే విన్నావు. చీటీలో రెండో సగం ఎవరి చేతిలో ఉంటుందో ఆయనతో మాట్లాడావా? ఆయన్ని దొంగని చేసి వెళ్లకు. ఆయన కూడా ఎవరి దగ్గరో డబ్బు తెచ్చి పెడుతున్నాడు.

పలాస పిక్క

నిజమే. సీజన్ ముందు పలాస నుంచి కింది షావుకార్లకి అడ్వాన్స్‌లు వెళ్తాయి, సరుకుతో తీర్చాలి. పచ్చి పిక్క తెచ్చారని ఇక్కడ వాళ్లకీ తరుగు పడుతుంది. ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు ధర గురించి అడక్కండి. పోయినేడాది ఎన్ని బస్తాలు బూజు పట్టి వెనక్కొచ్చాయో అడగండి. గంటసేపు మాట్లాడతాడు.

మహేంద్రతనయ

ప్రెస్‌కి వెళ్లలేదు. సంతకి వెళ్లాను.

పొద్దున ఆరింటి నుంచి చింతచెట్టు దగ్గర కూర్చున్నాను. నేనెవరో, పర్లాకిమిడిలో మా ఇల్లెక్కడో ముందే చెప్పాను. జీడి వ్యాపారం నేర్చుకోవడానికి వచ్చానన్నాను, అది నిజమే కదా. పదింటిదాకా షావుకారు నన్ను పట్టించుకోలేదు. తర్వాత గోనె పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. మధ్యాహ్నం జనం పలచబడ్డాక పలాస పిక్క గారు చెప్పిన ప్రశ్న అడిగాను.

మీరన్నట్టే గంట మాట్లాడాడు. పోయినేడాది పదమూడు బస్తాలు వెనక్కొచ్చాయట. ఆరబెట్టుకోవడానికి ఆయనకి కళ్లం లేదు, ఇంటి ముందు సిమెంటు రోడ్డే. వాన పడితే అంతే. పచ్చి అని తరుగు తీసేది ఆ నష్టం పూడ్చుకోవడానికే అన్నాడు. తను తీసే తరుగు ఎక్కువో తక్కువో తనకే తెలియదట. తేమ కొలిచేది ఏదీ లేదు, చేత్తో గలగలలాడించడమే.

ఆ తర్వాత నేను అడగకుండానే బాకీల సంగతి ఆయనే ఎత్తాడు. తిత్లీ రోజున వాళ్ల ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. పాత ఖాతా పుస్తకం ముద్దయిపోయింది. నీళ్లు తీశాక వారం రోజులు కూర్చుని, ఎవరెవరు ఎంత ఇవ్వాలో గుర్తొచ్చినంతవరకు కొత్త పుస్తకంలో రాసుకున్నాడట. "కొందరికి ఎక్కువ రాసుంటాను, కొందరికి తక్కువ రాసుంటాను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు కాటా వైపు చూస్తున్నాడు, నా వైపు కాదు.

సంచిలోంచి పుస్తకం తీసి మొదటి పేజీ చూపించాడు. నీలి సిరా, ఒడియా అంకెలు, కొన్నిచోట్ల కొట్టేసి మళ్లీ రాసినవి. ఫోటో అడగలేదు. ఇంతకుముందు ఈ పేజీ ఎవరికైనా చూపించారా అని మాత్రం అడిగాను.

"ఎవరూ అడగలేదు" అన్నాడు. వచ్చే సంతకి కాస్త పెందలాడే రమ్మన్నాడు.